523105 పిన్‌కోడు పరిధిలో జనాభా, ఆదాయం, ఇళ్ళ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

కందుకూరు_కుర్రవాడు | 6 జూలై 2025, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. కందుకూరులో రక్తపరీక్షల కేంద్రం పెట్టే ఉద్దేశంతో ఒక బ్యాంకుకు ఋణం కోసం ప్రాజెక్టు నివేదిక ఇచ్చాను. "523105 పరిధిలో జనాభా ఇంత, సగటు కుటుంబ ఆదాయం ఇంత, సొంత ఇళ్ళు ఇన్ని" అని అందులో ఒక పేజీ ఉంది. ఆ అంకెలన్నీ ఒక వెబ్‌సైటులో చూసి దించుకున్నవే. మేనేజరుగారు ఆ పేజీ దగ్గర ఆగి, "ఈ జనాభా పిన్‌కోడుదా, పట్టణానిదా?" అని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చి సరిచూసుకుంటే, అది 2011 జనగణనలో కందుకూరు పురపాలక పట్టణానికి ఇచ్చిన 57 వేల చిల్లర అంకె. పిన్‌కోడు పేరు పైన తగిలించి, పట్టణం అంకె కింద వేశారు. ఆదాయం అంకె ఎక్కడి నుంచి తెచ్చారో ఆ వెబ్‌సైటులో ఒక్క మాట కూడా లేదు.

మా అక్క అమెరికాలో ఉంటుంది. తన జిప్ కోడు కొడితే జనాభా, కుటుంబ ఆదాయం, ఇంటి విలువ, అద్దె, ఖాళీ ఇళ్ళు అన్నీ ఒకే పేజీలో వస్తున్నాయని చూపించింది. మన పిన్‌కోడుకు అలాంటి పేజీ ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పెన్నా_ఒడ్డు | 6 జూలై, ఉదయం 10:40

లెక్కల సంగతి పెద్దలు చెబుతారు గానీ, నాది చిన్న సందేహం. కందుకూరు 2022లో నెల్లూరు జిల్లాలోకి వచ్చింది కదా, పిన్ ఇంకా 523 తోనే ఎందుకు మొదలవుతోంది? నెల్లూరు జిల్లా అంటే 524 కదా?

పాత_తపాలా | 6 జూలై, మధ్యాహ్నం 12:05

పెన్నా_ఒడ్డుగారి సందేహం చిన్నదే అయినా అసలు ప్రశ్నకు తాళంచెవి అందులోనే ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. నేను తపాలా శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విరమించాను.

పిన్‌కోడు 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. దాన్ని రూపొందించినవారు కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అదనపు కార్యదర్శిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఒకే పేరుతో దేశంలో పది ఊళ్ళు ఉంటాయి, చిరునామా ఏ లిపిలోనైనా రాస్తారు. అయినా ఉత్తరం దారి తప్పకూడదన్నదే దాని ఉద్దేశం. మొదటి అంకె ప్రాంతాన్ని, మొదటి మూడు అంకెలు ఉత్తరాలు వేరుచేసే జిల్లాను, చివరి మూడు అంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. 

ఇప్పుడు కందుకూరు చరిత్ర చూడండి. ఆ తాలూకా మొదట నెల్లూరు జిల్లాలోదే. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. పిన్‌కోడు వచ్చిందీ ఆ సంవత్సరమే కనుక కందుకూరుకు ఒంగోలు వరస, అంటే 523 దక్కింది. యాభై ఏళ్ళ తరువాత, 2022 ఏప్రిల్‌లో, జిల్లాలను మళ్ళీ విడదీసినప్పుడు కందుకూరు పుట్టింటికి వచ్చినట్టు నెల్లూరులో చేరింది. కానీ ఉత్తరాల సంచి వెళ్ళే దారి మారలేదు, పిన్ మారలేదు. అదే పునర్విభజనలో గూడూరు తిరుపతి జిల్లాకు వెళ్ళినా 524101 గానే ఉంది, చీరాల బాపట్ల జిల్లాకు వెళ్ళినా 523155 గానే ఉంది. 1972 నాటి జిల్లా పటం ఎలా ఉండేదో చూడాలంటే పిన్‌కోడులను రంగులు వేసి చూస్తే చాలని మేము ఆఫీసులో సరదాగా అనుకునేవాళ్ళం.

కాబట్టి బాబూ, పిన్‌కోడు మండలం కాదు, పట్టణం కాదు, రెవెన్యూ గ్రామం కాదు. అది ఒక బట్వాడా దారి. దేశంలో పోస్టాఫీసులు లక్షా 64 వేలకు పైగా ఉంటే పిన్లు 19 వేల పైచిలుకే. అంటే సగటున ఎనిమిది తొమ్మిది పోస్టాఫీసులకు ఒక పిన్. పల్లెటూళ్ళలోని బ్రాంచి పోస్టాఫీసులకు సొంత పిన్ ఉండదు. అవి లెక్కలు అప్పజెప్పే సబ్ పోస్టాఫీసు పిన్నే వాటికీ చెల్లుతుంది. మీరు 523105 అన్నారంటే కందుకూరు పట్టణంతో పాటు దాని కింద ఉన్న బ్రాంచీలు, ఆ బ్రాంచీల నుంచి డాక్ సేవకులు సైకిలు మీదో మోటారు సైకిలు మీదో తిరిగే పల్లెలు అన్నీ కలిపి అన్నట్టు. ఆ వెబ్‌సైటువారు పట్టణం జనాభా ఒక్కటే వేశారంటే ఈ పల్లెలన్నిటినీ వదిలేశారు.

గణాంక_బోధిని | 6 జూలై, సాయంత్రం 6:31

నేను నెల్లూరులో గణాంకశాస్త్రం చెబుతాను. పాత_తపాలాగారు పిన్ అంటే ఏమిటో చెప్పారు కాబట్టి, అక్కగారి జిప్ కోడు పేజీ వెనుక ఏముందో నేను చెబుతాను. దానితో పోల్చుకోవడం వల్లనే చాలామంది దారి తప్పుతున్నారు.

అమెరికాలో జిప్ కోడు 1963లో వచ్చింది. అది కూడా ఉత్తరాల దారే, సరిహద్దు గీత ఉన్న ప్రాంతం కాదు. అందుకని అక్కడి జనగణన శాఖ 2000 నుంచి, లెక్కింపు కోసం గీసుకున్న చిన్న చిన్న బ్లాకుల్లో దేనిలో ఏ జిప్ కోడు ఎక్కువగా కనబడితే ఆ బ్లాకును దానికి కేటాయించి, జిప్ కోడును పోలిన ప్రాంతాలను తానే విడిగా గీసుకుంది. మీ అక్కగారు చూసిన అంకెలు నిజానికి ఈ కేటాయింపు ప్రాంతాలవి. ఇక ఆదాయం, అద్దె, ఇంటి విలువ వంటివి పదేళ్ళకొకసారి జరిగే జనగణనలో అడిగినవి కావు. ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు పంపే ఒక నమూనా సర్వే ద్వారా వచ్చినవి. చిన్న ప్రాంతాలకు ఐదేళ్ళ సమాచారాన్ని కలిపి అంచనా వేస్తారు, ప్రతి అంకె పక్కనా ఇంత అటూ ఇటూ ఉండవచ్చు అని తప్పు పరిధిని కూడా ఇస్తారు. దాన్ని దించి వేసే వెబ్‌సైటులు ఆ తప్పు పరిధిని తీసేసి, ఒంటరి అంకెను నిలబెడతాయి.

మన జనగణనలో ఆదాయం ప్రశ్నే లేదు. 2011లో లేదు, అంతకు ముందూ లేదు. కాబట్టి "జనగణన ప్రకారం ఈ పిన్‌కోడులో సగటు ఆదాయం ఇంత" అని ఎవరైనా రాశారంటే, ఆ వాక్యం అక్కడే తప్పు. చదవడం ఆపేయవచ్చు.

రొయ్యల_చెరువు | 6 జూలై, రాత్రి 9:15

మేడమ్‌గారూ, ఇంత వెనకాముందాడటం ఎందుకు? ప్రభుత్వం జిల్లాల వారీగా తలసరి ఆదాయం ప్రకటిస్తుంది. దాన్ని కుటుంబానికి నలుగురని నాలుగుతో గుణిస్తే కుటుంబ ఆదాయం వచ్చేస్తుంది కదా. బ్యాంకువాళ్ళకు ఆ మాత్రం చాలు.

గణాంక_బోధిని | 7 జూలై, ఉదయం 7:02

చాలదు, ఎందుకంటే ఆ తలసరి ఆదాయం ఇళ్ళలోకి వచ్చిన డబ్బు కాదు. జిల్లా హద్దుల లోపల ఏడాదిలో ఉత్పత్తి అయిన విలువను జనాభాతో భాగించగా వచ్చినది. మన జిల్లాలో కృష్ణపట్నం ఓడరేవు ఉంది, పక్కనే నేలటూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన విలువ అంతా నెల్లూరు జిల్లా ఖాతాలో పడుతుంది. అందులో జీతాలుగా కొంత మన ఇళ్ళకు వస్తుంది గానీ, లాభాలు, వడ్డీలు ఎక్కడెక్కడికో పోతాయి. చీమకుర్తి గ్రానైటు సంగతీ అంతే. రాయి ప్రకాశం లెక్కలోది, దాని మీద వచ్చిన రాబడి అంతా చీమకుర్తి వీధుల్లో ఉంటుందని అనుకోలేము. పైగా జిల్లా అంకెను ఏ మండలానికైనా, ఏ పిన్‌కోడుకైనా అలాగే అంటగడితే ఉదయగిరి మెట్టకూ ముత్తుకూరు తీరానికీ తేడా లేదన్నట్టు అవుతుంది.

రెండో చిక్కు సగటుది. మీ చెరువు గట్టు మీదే ఒక వీధి ఊహించుకోండి. పది ఇళ్ళు ఉన్నాయి. తొమ్మిది ఇళ్ళకు నెలకు 15 వేలు వస్తుంది, పదో ఇంటివారికి చెరువులు ఉన్నందువల్ల 6 లక్షలు వస్తుంది. సగటు 73,500. ఆ వీధిలో 73 వేలు తెచ్చుకునే ఇల్లు ఒక్కటీ లేదు. ఇళ్ళను ఆదాయం వరసలో నిలబెట్టి మధ్యలో ఉన్నదాన్ని చూస్తే 15 వేలు. అమెరికా పేజీలో ఉండేది ఈ మధ్యస్థ ఆదాయం. మనవాళ్ళు దాన్ని సగటు అని తెలుగు చేసి, ఆపైన సగటునే లెక్కకట్టి పెడుతున్నారు.

రొయ్యల_చెరువు | 7 జూలై, ఉదయం 8:20

ఆరు లక్షలు వచ్చే ఏడాది ఒకటైతే, వైరస్ వచ్చి చెరువు మొత్తం తేలిపోయే ఏడాది ఇంకొకటి. దాన్ని కూడా లెక్కలో వేయండి. మిగతా మాట ఒప్పుకుంటున్నాను.

మెట్ట_రైతు | 7 జూలై, ఉదయం 11:48

బియ్యం కార్డుల లెక్క ఉంది కదా. గ్రామ సచివాలయంలో ప్రతి ఇంటి వివరమూ ఉంది. అక్కడ అడిగితే ఆదాయం తెలిసిపోతుంది.

పాత_తపాలా | 7 జూలై, మధ్యాహ్నం 1:30

రైతుగారూ, బియ్యం కార్డుకు అర్హత నెలకు పల్లెలో 10 వేలు, పట్టణంలో 12 వేలు లోపు ఆదాయం. కాబట్టి కార్డున్న ఇళ్ళన్నిటి ఆదాయమూ కాగితం మీద ఆ గీత కిందే ఉంటుంది. అంతకు మించి ఆ కాగితం ఏమీ చెప్పదు. మా అల్లుడికి ఒకే సంవత్సరంలో రెండు పత్రాలు అవసరమయ్యాయి. పిల్లవాడి ఉపకార వేతనం కోసం తీసుకున్న ఆదాయ ధ్రువపత్రంలో ఒక అంకె ఉంది, ఇంటి ఋణం కోసం పెట్టిన పత్రాల్లో దానికి నాలుగింతల అంకె ఉంది. రెండిటి మీదా సంతకాలు, ముద్రలు సక్రమంగానే ఉన్నాయి. ఇంతకన్నా వివరంగా చెబితే ఇంట్లో గొడవ అవుతుంది.

ఇంకొకటి. ఒక్కొక్క ఇంటి సమాచారం మూడో మనిషికి ఇవ్వడానికి సచివాలయం వారికి అధికారం లేదు, ఇవ్వకూడదు కూడా.

బడిపంతులు_ఉలవపాడు | 7 జూలై, రాత్రి 8:44

2010లో ఇళ్ళ జాబితాకూ, 2011 ఫిబ్రవరిలో తలల లెక్కకూ నేను గణకుడిగా తిరిగాను. ఇళ్ళ లెక్క గురించి ఇక్కడ ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు కనుక నాకు తెలిసింది రాస్తాను. ఆదాయం అడగని మన జనగణనలో ఒక ఊరి కలిమిలేములు కాస్తయినా కనబడేది ఇళ్ళ జాబితాలోనే.

2010 వేసవిలో నాకు ఒక బ్లాకు ఇచ్చారు. ముందు వీధుల నక్షా గీసుకుని, ప్రతి కట్టడానికీ వాకిలి మీద అంకె వేసుకుంటూ పోవాలి. జనగణన దృష్టిలో ఇల్లు అంటే విడిగా ప్రధాన ద్వారం ఉన్న కట్టడం లేదా కట్టడంలోని భాగం. అందులో మనుషులే ఉండాలని లేదు. మా వైపు పొలాల్లో పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు ఉంటాయి. బ్యారనూ ఒక జనగణన గృహమే. ఉపయోగం అనే గడిలో మాత్రం నివాసం కాదని రాస్తాము. ఈ సంగతి తెలియనివాళ్ళు "ఈ ఊళ్ళో ఇళ్ళు ఎక్కువ, కుటుంబాలు తక్కువ, కనుక జనం వలస పోయారు" అని తేల్చేస్తుంటారు. దేశం మొత్తం మీద 2011లో జనగణన గృహాలు 33 కోట్ల పైన, కుటుంబాలు 24 కోట్ల 67 లక్షలు. మధ్యలో ఉన్న తేడా అంతా ఖాళీ ఇళ్ళు కాదు. బడులు, గుళ్ళు, దుకాణాలు, గోదాములు కూడా అందులోవే. నిజంగా ఖాళీగా ఉన్నవి 2 కోట్ల 47 లక్షలు.

కుటుంబం నిర్వచనం ఇంకా చిత్రమైనది. ఒకే వంట తినేవాళ్ళు ఒక కుటుంబం. ఒక ఇంటికి వెళ్ళాను. నాలుగు గదుల రేకుల ఇల్లు, వసారాలో ముసలమ్మ మంచం. ఎందరున్నారని అడిగితే పెద్దకోడలు "ఏడుగురం" అన్నది. రాసుకుంటుండగా ముసలమ్మ నెమ్మదిగా, "అయ్యా, పొయ్యిలు రెండు" అన్నది. లోపల చూస్తే ఒక గోడకు ఇటు గ్యాసు పొయ్యి, అటు కట్టెల పొయ్యి. అన్నదమ్ములు వేరుపడి ఆరు నెలలైంది, ఊళ్ళో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముసలమ్మ ఒక నెల ఇటు, ఒక నెల అటు తింటుంది. ఒక కుటుంబాన్ని కొట్టేసి రెండు రాశాను, ఆమెను ఆ నెల ఎవరి వంతైతే వారి కింద వేశాను. మీరు చూసే "సగటు కుటుంబ పరిమాణం" అనే అంకె వెనుక ఇలాంటి పొయ్యిలు చాలా ఉన్నాయి.

గోడ దేనితో కట్టారు, కప్పు తాటాకా పెంకా రేకా కాంక్రీటా, నేల మట్టా బండా, గదులెన్ని, సొంతమా అద్దెనా, నీళ్ళు ఇంట్లోనా బయటా, మరుగుదొడ్డి, దీపం, వంట చెరకు, టీవీ, ఫోను, సైకిలు, మోటారు సైకిలు, కారు, బ్యాంకు ఖాతా వరకు అడుగుతాము. ఇంటి స్థితి మంచిదా, నివాసయోగ్యమా, శిథిలమా అన్నదానికి మాత్రం ఇంటివారు చెప్పినదే రాసుకోవాలి. తాటాకు ఇంట్లో ఉన్నాయన "మంచిదే" అన్నాడు, డాబా ఇంటావిడ పెచ్చులు ఊడుతున్నాయని "ఏం బాగు" అన్నది. అందుకని ఆ గడిని నేను నమ్మను. కప్పునూ నేలనూ నమ్ముతాను.

కందుకూరు_కుర్రవాడు | 7 జూలై, రాత్రి 10:05

మాస్టారూ, ఈ వివరాలు ఊరి స్థాయిలో దొరుకుతాయా? పిన్‌కోడు కింద ఉన్న ఊళ్ళన్నీ కూడుకుంటే సరిపోతుంది కదా?

గణాంక_బోధిని | 8 జూలై, ఉదయం 6:50

దొరుకుతాయి. 2011 ప్రాథమిక జనగణన సారాంశం రెవెన్యూ గ్రామం వరకు, పట్టణాల్లో వార్డు వరకు ఉంది. అందులో కుటుంబాలు, జనాభా, ఆరేళ్ళలోపు పిల్లలు, అక్షరాస్యులు, సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇతర పనివారు ఉంటారు. మాస్టారు చెప్పిన ఇళ్ళ వివరాలు కూడా గ్రామం, వార్డు స్థాయిలో ఉన్నాయి గానీ అవి శాతాలుగా ఇచ్చారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. శాతాలను కూడి ఊళ్ళ సంఖ్యతో భాగించకూడదు. ప్రతి ఊరి శాతాన్ని ఆ ఊరి కుటుంబాల సంఖ్యతో గుణించి, అన్నీ కూడి, మొత్తం కుటుంబాలతో భాగించాలి. రెండు వేల ఇళ్ళ ఊరికీ వంద ఇళ్ళ ఊరికీ ఒకే తూకం వేస్తే ఫలితం వంకరగా వస్తుంది.

ఊళ్ళ జాబితా కోసం కేంద్ర ప్రభుత్వ బహిరంగ సమాచార వేదికలో అఖిల భారత పిన్‌కోడు డైరెక్టరీ ఉంది. అందులో 523105 కింద ఉన్న పోస్టాఫీసుల పేర్లన్నీ వస్తాయి. కానీ పోస్టాఫీసు పేరు, రెవెన్యూ గ్రామం పేరు ఒకటే అని అనుకోకండి. దాని గురించి తపాలావారే చెప్పాలి.

పాత_తపాలా | 8 జూలై, ఉదయం 9:33

చెబుతాను. ఒక బ్రాంచి పోస్టాఫీసు కింద నాలుగైదు ఊళ్ళు ఉంటాయి, వాటి పేర్లు ఆ డైరెక్టరీలో కనబడవు. అలాగే ఒక రెవెన్యూ గ్రామంలో ప్రధాన ఊరు, దానికి దూరంగా రెండు మూడు పాలేలు, కొత్త కాలనీ ఉంటాయి. ఊరికి బట్వాడా ఒక బ్రాంచిది, మైలు దూరాన వాగు అవతల ఉన్న పాలేనికి బట్వాడా ఇంకొక బ్రాంచిది, ఆ బ్రాంచి వేరే సబ్ పోస్టాఫీసు కిందిది కావడం మా ప్రాంతంలో మామూలే. వానాకాలంలో వాగు దాటలేక అలా పంచుకున్నవి ఉన్నాయి. కాబట్టి కూడిక మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. డైరెక్టరీ జాబితా పట్టుకుని బ్రాంచి పోస్టుమాస్టర్లను కలవండి. "మీ బట్వాడా ఊళ్ళు ఏవండీ?" అని అడిగితే వేళ్ళ మీద చెబుతారు. కంప్యూటరులో ఉన్న జాబితా కన్నా వారి నోటి లెక్క ఖచ్చితం.

కోస్తా_పటం | 8 జూలై, మధ్యాహ్నం 3:17

తిరగకుండానే చాలావరకు తేలే మార్గం ఇప్పుడు ఉంది. ఈ ఏడాది మే 27న తపాలా శాఖ డిజిపిన్‌తో పాటు, ఉన్న చోటును బట్టి పిన్‌కోడు చెప్పే సదుపాయాన్ని కూడా విడుదల చేసింది. డిజిపిన్ సంగతి వేరు. అది దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా చేసి, ప్రతి గడికీ పది అక్షరాంకెల గుర్తు ఇస్తుంది. ఐఐటీ హైదరాబాదు, జాతీయ దూరసంవేదన కేంద్రం కలిసి రూపొందించాయి. మనకు పనికి వచ్చేది రెండోది. దాని కోసం పిన్‌కోడుల సరిహద్దులను పటం మీద గీసి, ఆ గీతలను బహిరంగ సమాచార వేదికలో పెట్టారు. ఉచిత పటాల సాఫ్ట్‌వేరులో ఆ గీతలను, జనగణన గ్రామాల గీతలను ఒకదాని మీద ఒకటి పరిస్తే ఏ ఊరు పూర్తిగా లోపల ఉంది, ఏది సగం బయట ఉంది అన్నది కంటికి కనబడుతుంది. సగం బయట ఉన్న ఊళ్ళను విస్తీర్ణం ప్రకారం పంచవచ్చు.

బడిపంతులు_ఉలవపాడు | 8 జూలై, సాయంత్రం 5:20

విస్తీర్ణం ప్రకారం పంచితే మా వైపు ఘోరమైన తప్పు వస్తుంది. తీరం ఊళ్ళలో రెవెన్యూ గ్రామం అంటే సముద్రం దాకా సరుగుడు తోటలు, ఇసుక, ఉప్పు కయ్యలు. జనం ఉండేది ఒక మూల గుంపుగా. సగం విస్తీర్ణం బయటకు పోయిందని సగం జనాన్ని బయటకు పంపితే, మీరు పంపింది సరుగుడు చెట్లను. ఇళ్ళ పైకప్పులు ఉపగ్రహ చిత్రంలో కనబడతాయి, వాటిని ఎంచి ఆ నిష్పత్తిలో పంచండి.

కోస్తా_పటం | 8 జూలై, సాయంత్రం 6:02

నిజమే మాస్టారూ. నేను పట్టణపు అలవాటుతో రాశాను. నెల్లూరులో 524001, దాని పక్కన 524002, 524003, 524004 ఇళ్ళ మధ్యే ఒకదానినొకటి ఒరుసుకుని ఉంటాయి, అక్కడ విస్తీర్ణం లెక్క కొంతవరకు నడుస్తుంది. మీ దగ్గర కప్పులు ఎంచడమే మార్గం.

మెట్ట_రైతు | 9 జూలై, ఉదయం 7:45

అన్నీ సరే, అది 2011 లెక్క. పద్నాలుగేళ్ళు అయింది. దాన్ని ఇప్పటికి పెంచుకోవడం ఎలా?

గణాంక_బోధిని | 9 జూలై, ఉదయం 8:58

ఇది బ్యాంకువారు తప్పక అడిగే ప్రశ్న. చాలామంది జిల్లా పెరుగుదల శాతాన్ని తీసుకుని ఊరికి అంటిస్తారు. 2001 నుంచి 2011కు నెల్లూరు జిల్లా 26,68,564 నుంచి 29,63,557కు, ప్రకాశం 30,59,423 నుంచి 33,97,448కు పెరిగాయి. రెండూ లెక్కకట్టి చూడండి, 11.05 శాతమే వస్తుంది. రెండు జిల్లాలూ కూడబలుక్కున్నట్టు ఒకే శాతం. అలాగని వాటిలోని ఊళ్ళన్నీ ఒకే తీరున పెరిగాయా అంటే, లేదు. కొన్ని మెట్ట ఊళ్ళు తగ్గాయి, పట్టణాల శివార్లు ఉబ్బాయి. కాబట్టి 2001, 2011 గ్రామాల అంకెలను రెండూ తీసుకుని, ప్రతి ఊరికి దాని సొంత వేగాన్ని కట్టి, అప్పుడు కూడండి. అదీ అంచనాయే. "2011 అసలు అంకె ఇది, 2025కు నా అంచనా ఇది, పద్ధతి ఇది" అని మూడూ విడివిడిగా రాయండి.

తరువాతి జనగణనకు గత నెల 16న ప్రకటన వెలువడింది. తలల లెక్కకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, ఇళ్ళ జాబితా 2026లో జరుగుతుంది. మీ ఋణం అంతవరకు ఆగదు కదా.

ఆదాయం విషయంలో మిగిలిన దారులు కూడా చెప్పేస్తాను. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో పల్లె కుటుంబాల్లో ఎక్కువ సంపాదించే వ్యక్తి నెల రాబడి 5 వేల లోపా, 5 నుంచి 10 వేల మధ్యనా, ఆ పైనా అని మూడు తరగతులుగా అడిగారు. దేశంలో 74.5 శాతం పల్లె కుటుంబాలు మొదటి తరగతిలో పడ్డాయి. అంత పాత రూపాయలు ఇప్పుడు పనికిరావు గానీ, పక్కపక్క మండలాలను పోల్చడానికి పనికొస్తాయి. కొత్తది కావాలంటే కుటుంబ వినియోగ వ్యయ సర్వే ఉంది. 2022–23లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 4,870 రూపాయలు, పట్టణాల్లో 6,782. నలుగురున్న ఇంటికి పల్లెలో 19 వేల 5 వందల దగ్గర, పట్టణంలో 27 వేల దగ్గర తేలుతుంది. ఇది రాష్ట్రం మొత్తానిది, పైగా ఖర్చు గానీ ఆదాయం కాదు. కుటుంబ ఆదాయం మీదే ప్రత్యేకంగా ఒక జాతీయ సర్వేను 2026 ఫిబ్రవరిలో మొదలుపెడతామని కేంద్ర గణాంక శాఖ ప్రకటించింది. అదీ నమూనా సర్వేయే కనుక పిన్‌కోడు దాకా దిగదు.

పెన్నా_ఒడ్డు | 9 జూలై, మధ్యాహ్నం 12:26

ఇంటి విలువకు రిజిస్ట్రేషను కార్యాలయపు విలువలు వాడవచ్చు కదా? వీధుల వారీగా ఉంటాయి.

పాత_తపాలా | 9 జూలై, మధ్యాహ్నం 2:10

ఉంటాయి. అది ప్రభుత్వం స్టాంపు సుంకం కోసం నిర్ణయించిన కనీస విలువ, అమ్మకం ధర వేరు. పురపాలక సంఘాలలో 2021 నుంచి ఇంటిపన్ను కూడా అద్దె విలువ బదులు మూలధన విలువ మీద వేస్తున్నారు కాబట్టి, ఒక వీధికీ ఇంకొక వీధికీ ఉన్న తారతమ్యం తెలుసుకోవడానికి మాత్రం ఈ విలువలు బాగా పనికొస్తాయి.

ఆసుపత్రి_గుమాస్తా | 9 జూలై, రాత్రి 9:50

రెండు రోజులుగా చదువుతున్నాను. ఒక మాట చెప్పవచ్చా? ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రోగుల నమోదు బల్ల దగ్గర పదేళ్ళుగా కూర్చుంటున్నాను. చిరునామా పిన్‌తో సహా నేనే రాసుకుంటాను. పరీక్షల కోసం వచ్చేవాళ్ళు పిన్‌కోడు చూసుకుని రారు, బస్సు చూసుకుని వస్తారు. కందుకూరులో కేంద్రం పెడితే లింగసముద్రం, వోలేటివారిపాలెం, గుడ్లూరు నుంచి ఆటోల్లో దిగేవాళ్ళే సగం మంది ఉంటారు. తెల్లవారుజామున పరగడుపున రక్తం ఇవ్వాలి గనుక మొదటి బస్సు ఎన్నింటికి చేరుతుందన్నది పెద్ద లెక్క. మరోవైపు 523105లోనే ఉన్నా, సింగరాయకొండ రోడ్డు దగ్గరగా ఉన్న పల్లెవాళ్ళు నేరుగా ఒంగోలు రైలెక్కేస్తారు. మీరు 523105 జనాభా ఎంత ఖచ్చితంగా కట్టినా, అది మీ దగ్గరకు వచ్చేవారి లెక్క అవుతుందా?

కందుకూరు_కుర్రవాడు | 10 జూలై, ఉదయం 6:15

అన్నా, ఈ మాట బ్యాంకుకు వెళ్ళకముందు నాకు ఎవరూ చెప్పలేదు. పిన్‌కోడు పట్టుకున్నది నేనే. నివేదిక నమూనాలో "సేవా ప్రాంతం" అని ఉంటే, చిరునామాలో కనబడిన ఆరు అంకెలను అందులో వేసేశాను.

గణాంక_బోధిని | 10 జూలై, ఉదయం 7:40

గుమాస్తాగారు చెప్పినదే సరైన వరస. సేవా ప్రాంతాన్ని ముందు బస్సు దారులతో గీసుకోండి. ఆ తరువాత గ్రామాలను కూడండి. పద్ధతి మారదు, ఊళ్ళ జాబితా మారుతుంది. పిన్‌కోడు అంకెను పక్కన పోలికకు ఉంచండి, మేనేజరుగారు మొదట అడిగింది దాని గురించే కనుక.

కందుకూరు_కుర్రవాడు | 20 జూలై, రాత్రి 8:30

పది రోజులు తిరిగాను, చేసింది రాస్తున్నాను.

డైరెక్టరీ జాబితా తీసుకుని బ్రాంచి పోస్టుమాస్టర్లను కలిశాను. పాత_తపాలాగారు చెప్పినట్టే అందరూ నోటితో చెప్పేశారు. ఒకావిడ అయితే నా చేతిలోని కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, ఊళ్ళ పేర్లు తానే రాసి, రెండు పాలేల పక్కన ఇంటూ గుర్తు పెట్టి, "ఇవి మా రెవెన్యూ గ్రామమే గానీ ఉత్తరాలు మావి కావు" అన్నారు. ఆ రెండిటి కప్పులను ఉపగ్రహ చిత్రంలో ఎంచి తీసేశాను.

జనాభాకు మూడు వరసలు పెట్టాను. 2011 అసలు అంకె, ఊరి సొంత వేగంతో 2025 అంచనా, బస్సు దారుల ప్రకారం సేవా ప్రాంతం అంచనా. ఆదాయం అన్న శీర్షిక తీసేసి, "కుటుంబాల ఆర్థిక స్థితి సూచికలు" అని పెట్టి, కాంక్రీటు కప్పు, ఇంట్లో కుళాయి, మోటారు సైకిలు, వ్యవసాయ కూలీల శాతం, కింద రాష్ట్ర వినియోగ వ్యయం వేశాను. ఏ అంకె ఏ సంవత్సరానిదో దాని పక్కనే రాశాను.

ఇళ్ళ విషయంలో ఒక ఇబ్బంది మిగిలింది. 2011 వార్డుల ప్రకారం ఇళ్ళు వేశాను గానీ, తరువాత వచ్చిన లేఅవుట్లలోకి చాలా కుటుంబాలు వెళ్ళిపోయాయి. మా వీధిలో 31 వాకిళ్ళుంటే 7 తాళాలు వేసి ఉన్నాయి. వాటిలో మూడు హైదరాబాదుకు, రెండు బెంగళూరుకు వెళ్ళినవారివి, రెండు ఊరి బయట కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నవారివి. ఈ చివరి రెండు కుటుంబాలను ఎక్కడ లెక్కించాలి?

బడిపంతులు_ఉలవపాడు | 20 జూలై, రాత్రి 9:12

రాత్రి ఎక్కడ తింటున్నారో అక్కడ.

కందుకూరు_కుర్రవాడు | 20 జూలై, రాత్రి 9:20

ఒకరు కాలనీలోనే తింటున్నారు మాస్టారూ. రెండో ఆయన పగలు కాలనీలో గోడలకు నీళ్ళు పట్టి, రాత్రికి మా వీధిలోని తమ్ముడి ఇంటికి భోజనానికి వస్తున్నాడు.

బడిపంతులు_ఉలవపాడు | 20 జూలై, రాత్రి 9:31

అయితే ఇంకా మీ వీధివాడే. కాలనీ ఇంటిని ఖాళీ గృహం కింద వేసి, తమ్ముడి ఇంట్లో ఒక తల పెంచండి. గృహప్రవేశం అయ్యాక మళ్ళీ అడగండి.